ఎడమ నుంచి రెండో గడి

గోదావరిఖని ఓపెన్‌కాస్టు గని గేటు లోపల, బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఎలక్ట్రికల్ వర్క్‌షాపు ఉండేది. మోటార్లూ కేబుళ్లూ షెడ్డులోనే బాగు చేసేవాళ్లు. యంత్రాలను నడిపించే కంట్రోల్ కార్డులకు మాత్రం ఒక మూలన అద్దాల తలుపున్న చిన్న గది. దుమ్ము పడకూడదని ఆ గది తలుపు ఎప్పుడూ మూసే ఉంచేవాళ్లు. అందులో పనిచేసేది ఇద్దరే. సదానందం, లింగమూర్తి.

సదానందం వయసులో పెద్ద. లింగమూర్తి ఐటీఐ చదివి కంపెనీలో చేరిన కొత్తలో మీటరు తీగల మొనలు ఎట్లా పట్టుకోవాలో కూడా సరిగ్గా తెలియదు. చెయ్యి పట్టుకొని నేర్పింది సదానందమే. "సదన్నా" అని వీడంటే "ఏంది తమ్మీ" అని ఆయన. ఒకరి సద్దిగిన్నెలో ఇంకొకరు తినేవాళ్లు. లింగమూర్తి తండ్రి పోయినప్పుడు పాడె మోసిన నలుగురిలో సదానందం ఒకడు. సొంత అన్న లేని లోటు తనకు తెలియదని లింగమూర్తి పదిమందిలో అనేవాడు.

ఆ గదిలోకి ఒక ఏడు కొత్త స్కోపు వచ్చింది. కరెంటు ఎట్లా ఎగుస్తుందో, ఎట్లా పడుతుందో తెర మీద గీత గీసి చూపించే యంత్రం. వచ్చిన కొద్ది రోజులకే దానికి ఒక గట్టి పరీక్ష తగిలింది. బొగ్గు తవ్వే షావెల్ ఒకటి తన పొడవాటి చెయ్యి, బూమ్‌ను తిప్పుతూ తిప్పుతూ ఒక్క క్షణం ఆగిపోయి, మళ్లీ తిరుగుతున్నది. కార్డును తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆపరేటరు లీవరు తోసినప్పుడు కార్డులోంచి వచ్చే వోల్టేజి రెండు మూడు సెకన్ల పాటు మెల్లగా ఎక్కుతుంది. ఆ ఎక్కడంలో ఎప్పుడో ఒకసారి చిన్న గుంట పడుతున్నదని వాళ్ల అనుమానం. అంత నిదానంగా జరిగేదాన్ని చూడాలంటే స్కోపు టైం బేసును, అంటే గీత తెర దాటే వేగాన్ని, కూడా నిదానం చెయ్యాలి. తెర మీది ఒక్కో గడికి అరసెకను పెట్టారు.

అక్కడ స్కోపు మొండికేసింది. గీత నిలబడదు. వాగు నీళ్ల లెక్క కుడి నుంచి ఎడమకు పారుతూనే ఉంటుంది. గుంట కనబడ్డట్టే కనబడి, వేలు పెట్టి చూపించేలోపల తెర దాటిపోతుంది. గీతను ఏ మట్టం దగ్గర పట్టుకోవాలో చెప్పే ట్రిగర్ గుండీని ఎంత తిప్పినా ఫలితం లేదు. లింగమూర్తికి చిరాకు పుట్టి, కార్డుకు తగిలించిన ప్రోబు తీసి పక్కన పెట్టాడు.

సదానందం మాత్రం స్కోపు ముందు నుంచి లేవలేదు. చాలాసేపటికి నవ్వాడు.

"దీని ట్రిగర్ ఆటోల ఉన్నది తమ్మీ. ఆటో అంటే ఓపిక లేనోడు. మనం చెప్పిన సంగతి జల్ది రాకుంటే, ఇగ రాదనుకొని ఏది దొరికితే అది గీస్తది. గింత నిదానం పెడితే ఎదురుచూసుడే బంద్ చేస్తది. ఊకె పారించుకుంటనే పోతది."

"మరెట్ల?"

"నార్మల్ల పెడ్దాం. అది మొండిది. చెప్పింది వచ్చేదాక కూసుంటది."

నార్మల్‌లో పెట్టగానే తెర ఖాళీ అయింది. గీతే లేదు. స్కోపు పాడైందని లింగమూర్తి భయపడ్డాడు. "ఆగు" అన్నాడు సదానందం. వోల్టేజి తాము పెట్టిన మట్టం దాటిందో లేదో, గీత ఒక్కసారి మెల్లగా తెర నిండా వచ్చి, కదలకుండా నిలబడిపోయింది. రెండు మూడుసార్లు ప్రయత్నించాక గుంట కూడా దొరికింది. ఆ సాయంత్రం ఇద్దరూ చౌరస్తాలో మిర్చి బజ్జీలు తిన్నారు.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ కుదరలేదు. గీతలో ట్రిగర్ పడే చోటు గుర్తును తెర నడుమ పెట్టుకోవడం లింగమూర్తికి ఇష్టం. ముందు జరిగింది ఎడమ సగం, తర్వాతది కుడి సగం. కానీ నిదానపు టైం బేసులో దానికొక చిక్కుంది. ముందు భాగానికి కావలసిన ఎడమ సగం నిండేదాకా స్కోపు కళ్లు మూసుకొనే ఉంటుంది. ఆ కాసేపట్లో అసలు సంగతి జరిగిపోయినా పట్టదు. సదానందానికి ఆ కాసేపు కూడా ఆగబుద్ధి కాదు. గుర్తును జరిపి జరిపి ఎడమ నుంచి రెండో గడిలో పెట్టేవాడు.

"గట్లయితే ముందటిది కనబడది గదన్నా" అనేవాడు లింగమూర్తి.

"మొదలేడనో తెలిస్తె సాలు. ముందటిదంత నీకెందుకు?"

పొద్దున రాగానే లింగమూర్తి దాన్ని నడుమకు జరిపేవాడు. మధ్యాహ్నానికి సదానందం మళ్లీ రెండో గడికి తెచ్చేవాడు. ఏళ్లకేళ్లు అది వాళ్లిద్దరి మధ్య సరసంలాగా నడిచింది.

రెండువేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. బొగ్గు గనులు మూతపడ్డాయి. గని గేటు ముందు టెంటు వేశారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకొని తిన్నారు. సదానందానికి మాట బలం ఉంది. మైకు పట్టుకుంటే ఆడవాళ్లు కూడా బతుకమ్మలు కింద పెట్టి వినేవాళ్లు. సంఘం నాయకుడు పోశం ఎవరు వచ్చినా "ముందు సదన్నను మాట్లాడనియ్యిండ్రి" అనేవాడు. గనిలో నీళ్లు నిండకుండా పంపులు చూసేవాళ్లకు సంఘమే పాసులు ఇచ్చింది. అటువంటి పాసు ఒకటి సదానందానికి ఇచ్చారు. నమ్మకస్తుడని ఇచ్చారు.

గని మూతపడ్డా, పక్కనే పై మట్టి తీసే ఒక ప్రైవేటు కాంట్రాక్టరు పని మాత్రం అరకొరగా సాగుతూనే ఉంది. ఆయన దగ్గర ఒక పెద్ద షావెల్ ఉంది. దాని మీద ఆపరేటర్లలో లింగమూర్తి మేనల్లుడు మొగిలి ఒకడు. లింగమూర్తి అక్క సారవ్వకు మొగిలి ఒక్కడే కొడుకు. భర్త పోయాక కూలికి పోయి వాణ్ని పెంచింది. వాడికి ఆ పని దొరికిన రోజు గల్లీ అంతా బెల్లం పంచింది.

సమ్మె నడుమలో ఆ షావెల్ ఆగిపోయింది. అదే జబ్బు, బూమ్ తిరుగుతూ ఆగడం. హైదరాబాదు నుంచి ఇంజినీరు రావాలంటే బస్సుల్లేవు, రైళ్లు లేవు. కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా పనిచేసే తాబిష్ ఒక సాయంత్రం లింగమూర్తిని చాయ్ హోటల్లో కలిశాడు.

"అన్న, ఆ కార్డు జర చూడుండ్రి. ఇసొంటివి మీ ఇద్దరికే ఎరుక. షావెల్ నడిస్తె మొగిలి డ్యూటీకి ఫికర్ లేదు. నడవకుంటె సేఠ్ మనుషులను తగ్గిస్తడు. నా చేతుల ఏం లేదు."

"సమ్మెల ఉన్నం తాబిష్."

"ఎరుకే అన్న. ఎవలకు చెప్పను."

ఇంటికి వచ్చేసరికి సారవ్వ గడప మీద కూర్చొని ఉంది. అప్పటికే కొడుకు చెప్పాడు.

"నీకు చేతనైన పనే గద తమ్మీ. వాని బతుకు నిలబడ్తది."

లింగమూర్తి నేరుగా సదానందం ఇంటికి వెళ్లాడు. సదానందం అరుగు మీద బీడీ కాలుస్తున్నాడు. అంతా విన్నాడు. బీడీ ఆర్పాడు.

"పోకు తమ్మీ. ఇంతమంది పిల్లజెల్లతోటి రోడ్డు మీద కూసున్నరు. మనం పోయి వాని షావెల్ లేపితె, రేపు వీళ్ల మొగాలు ఎట్ల చూస్తం? మొగిలికి ఇయ్యాల గాకుంటె రేపు ఇంకో పని దొరుకుతది. తెలంగాణ మళ్ల దొరుకుతదా?"

"అక్కకు ఏం చెప్పాలె?"

"నేను పోనియ్యలేదని చెప్పు. తిడితె నన్ను తిట్టుమను."

లింగమూర్తి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇట్లాంటి అన్న ఉన్నందుకు తిరిగాయి. మరునాడు తాబిష్‌కు కాదని చెప్పాడు. అక్కకు చెప్పేటప్పుడు మాత్రం సదానందం పేరు ఎత్తలేదు. మాట పడాల్సి వస్తే తానే పడాలనుకున్నాడు.

దసరా వెళ్లిన మరునాడు మొగిలిని పనిలోంచి తీసేశారు. కొన్నాళ్లు ఖాళీగా తిరిగి, కాసిపేట దిక్కు లారీ మీద డ్రైవరుగా పోయాడు. సారవ్వ తమ్ముడితో మాట్లాడటం మానేసింది. దుకాణం దగ్గర ఎదురుపడితే కొంగు సర్దుకొని పక్కనుంచి పోయేది. "ఆమెకు కోపం తగ్గుతది తియ్" అన్నాడు సదానందం. వచ్చి లింగమూర్తి భుజం మీద చెయ్యి కూడా వేశాడు.

సమ్మె విరమించారు. పొద్దుటి షిఫ్టుకు లింగమూర్తి అందరికంటే ముందే వర్క్‌షాపుకు వెళ్లాడు. బల్లల మీద దుమ్ము పేరుకొని ఉంది. గది ఊడ్చి, స్కోపు మీది గుడ్డ తీసి, స్విచ్చి వేశాడు. అది బాగానే ఉందో లేదో చూద్దామని ప్రోబును స్కోపు సొంత పరీక్ష మొనకు తగిలించాడు.

తెర మీద చదరపు అలలు రావాలి. రాలేదు. తెర ఖాళీగా ఉంది.

చాలా రోజులు వాడక పాడైందేమో అనుకున్నాడు. ప్రోబు మార్చి చూశాడు. అప్పుడు తెర పైన ఉన్న అక్షరాలు చదివాడు. ట్రిగర్ నార్మల్‌లో ఉంది. మట్టం ఆ పరీక్ష అలలకు అందనంత ఎత్తులో ఉంది. అందుకే అది గీత గీయకుండా ఎదురుచూస్తూ కూర్చుంది. టైం బేసు గడికి అరసెకను.

ఆపినప్పుడు ఎట్లా ఉందో, మళ్లీ వేసినప్పుడు ఈ స్కోపు అట్లాగే లేస్తుంది. సమ్మెకు ముందు చివరిసారి దాన్ని ఆపింది లింగమూర్తే. ఒక చిన్న పవర్ సప్లై చూసి, ఆటోలో, టైం బేసు వేగం మీద ఉంచి ఆపాడు. ఆ సంగతి బాగా గుర్తు. అంటే నడుమ ఎవరో వాడారు. ఇంత నిదానంగా చూడాల్సిన పని ఈ గదికి షావెల్ కార్డులతో తప్ప ఉండదు. సమ్మెలో కంపెనీ షావెళ్లన్నీ ఆగే ఉన్నాయి.

ట్రిగర్ గుర్తు కోసం చూశాడు. తెర నడుమ లేదు. ఎడమ నుంచి రెండో గడిలో ఉంది.

లింగమూర్తి స్టూలు లాక్కొని కూర్చున్నాడు. వేరే ఎవరైనా అయి ఉండవచ్చని మనసుకు చెప్పుకున్నాడు. కానీ ఎవరు? గది తాళంచెవులు రెండే. ఒకటి తన ఇంట్లో మేకుకు వేలాడింది. ఇంకొకటి పంపుల పాసు మీద గనిలోకి పోయి వచ్చినవాడి దగ్గర ఉంది.

కాసేపటికి సదానందం వచ్చాడు. "ఏంది తమ్మీ, అప్పుడే మొదలుపెట్టినవా" అన్నాడు. లింగమూర్తి అప్పటికే స్కోపు ఆపేశాడు. తల ఊపి, చీపురు మూలన పెట్టాడు.

ఆ ఆదివారం కాంట్రాక్టరు పనిచేయించే చోటుకు వెళ్లాడు. షావెల్ నడుస్తున్నది. బూమ్ ఎక్కడా ఆగకుండా తిరుగుతున్నది. బువ్వ వేళకు ఆపరేటరు మెట్లు దిగి వచ్చాడు. వాడు జగదీశ్వర్, సదానందం బిడ్డ సంతోషి మొగుడు. అంతవరకు పని లేక అత్తగారింట్లోనే ఉంటుండేవాడు. మొగిలి కూర్చున్న సీటులోంచి దిగి వస్తున్నాడు.

"కాకా, నువ్వేంది ఇటు?" అన్నాడు సంబరంగా. వాడికి దాచాల్సింది ఏమీ ఉన్నట్టు లేదు.

"ఊకెనే వచ్చిన. షావెల్ మంచిగ నడుస్తుందా?"

"మామ చేసిండు గద, ఎందుకు నడవది? పెద్ద బతుకమ్మకు ముందే కార్డు తెచ్చి పెట్టిండు. అప్పటిసంది ఒక్కపారి ఆగితె ఒట్టు."

"నువ్వెప్పుడు చేరినవ్?"

"దసరా అయినంక. మామ సేఠ్‌తోటి మాట్లాడి పెట్టిండు. నీకు చెప్పలేదా?"

"చెప్పిండు" అన్నాడు లింగమూర్తి.

బస్‌స్టాండు దాకా నడుస్తూ ఆ మాటను తిప్పి తిప్పి చూసుకున్నాడు. పెద్ద బతుకమ్మ దసరాకు ముందు వస్తుంది. అంటే మొగిలిని తీసేసేనాటికే షావెల్ నడుస్తున్నది. షావెల్ ఆగినందుకు మొగిలి పని పోలేదు. తాను కాదన్నందుకూ పోలేదు. నడవని షావెల్ పేరు చెప్పి, అక్కతో తిట్లు తిని, ఇన్ని రోజులు తాను తలదించుకు తిరిగాడు. అప్పుడు తన భుజం మీద చెయ్యి వేసి ఓదార్చింది ఎవరు?

సోమవారం గది తలుపు మూశాడు. సదానందం కార్డు మీద టంకం వేస్తున్నాడు.

"షావెల్ ఆగింది గాబట్టి మొగిలిని తీసిండ్రనుకున్న సదన్నా. నడిచినంక తీసిండ్రట గద."

టంకం కడ్డీ ఆగింది. సదానందం దాన్ని స్టాండులో పెట్టడానికి చాలాసేపు పట్టింది.

"ఎవలు చెప్పిండ్రు?"

"గది గాదు అడిగేది."

"సంతోషికి నెలలు నిండుతున్నయ్. అల్లుడు ఇంట్ల కూసున్నడు. తాబిష్ నా దగ్గరికి కూడ వచ్చిండు. ఏం చెయ్యమంటవు తమ్మీ? నేను వాన్ని గూడ పెట్టుకొమ్మన్న గని, మొగిలిని తియ్యమనలేదు."

"అన్ని షిఫ్టులకు మనుషులున్నరు. ఇంకోడు కూసోవాలంటె ఎవలో ఒకలు లేవాలె గదా. గది నీకు ఎరుక లేదా?"

సదానందం ముందున్న కార్డును పక్కకు జరిపాడు.

"ఒక్కటే చెప్పు. ఆ పొద్దు నేను నీ అరుగు మీదికి వచ్చి ఏడ్చిన గద. పోకు అన్నవ్. అప్పటికే తాబిష్ నీ ఇంటికి వచ్చిపోయిండా, తర్వాత వచ్చిండా?"

బయట గ్రైండరు మోత వచ్చి ఆగింది. సదానందం తన వేళ్లకు అంటిన నల్లటి మరకను గీకుతూ కూర్చున్నాడు.

"నేను ఆనాడు చెప్పింది నిజంగనే చెప్పిన" అన్నాడు చివరికి.

"ముందా, తర్వాతనా?"

"గవన్ని ఇప్పుడెందుకు తమ్మీ."

లింగమూర్తికి జవాబు దొరికినట్టే అయింది, దొరకనట్టూ అయింది. ముందే వచ్చి ఉంటే, ఆ అరుగు మీద విన్న ప్రతి మాటా తనను పక్కకు తప్పించడానికే. తర్వాత వచ్చి ఉంటే, ఆ రోజు నిజాయితీగా చెప్పిన మనిషి ఆ తర్వాత మారాడు. తాబిష్‌ను అడిగి తేల్చుకోబుద్ధి కాలేదు. చెప్పాల్సిన ఒక్కడూ నోరు విప్పడు.

"పోశంకు చెప్తవా?" అన్నాడు సదానందం. గొంతులో భయం ఉంది.

"నన్ను తమ్మీ అని పిలువకు" అని లింగమూర్తి తన బల్ల దగ్గరికి పోయాడు.

ఆ సాయంత్రం పోశం ఇంటికి బయలుదేరాడు. సగం దారిలో దవాఖాన ముందు ఆటో దిగుతున్న సంతోషి కనబడింది. నిండు కడుపుతో, మొగుడి చెయ్యి పట్టుకొని మెట్లు ఎక్కుతున్నది. చెబితే సదానందం పరువు పోతుంది, సరే. ఊరంతా ఆ పిల్ల గడప ముందుకు వస్తుంది. జగదీశ్వర్‌ను దించుతారు, అయినా మొగిలిని ఎక్కిస్తారన్న నమ్మకం లేదు. కోపం ఏమాత్రం తగ్గలేదు గానీ కాళ్లు వెనక్కి తిరిగాయి. నేరుగా అక్క ఇంటికి పోయాడు.

సారవ్వ తలుపు తీసి, లోపలికి రమ్మని కూడా అనకుండా నిలబడింది. నిలబడే అంతా చెప్పాడు. ఆమె విన్నది. గోడకు ఆనుకొని కింద కూర్చుంది.

"ఆయన మన బాపును మోసిండు గదరా" అన్నది.

"అవునక్కా."

"పాడె మోసినోడు గిట్ల చేస్తడా?"

సారవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నిన్ను ఎన్ని మాటలన్ననో. నా నోరు మన్నుగాను. కూసో, అన్నం పెడ్త."

తిన్నాడు. మొగిలికి ఫోను చేసి ఆమే చెప్పింది. వాడు "మామను బాధపడొద్దను" అని మాత్రం అన్నాడట.

తర్వాత మూడేళ్లకు దగ్గరగా ఆ ఇద్దరూ అదే గదిలో పనిచేశారు. "ఆ కార్డు ఇయ్యి", "ఆ సప్లై బంద్ చెయ్యి". అంతవరకే మాటలు. స్కోపు కనబడితే లింగమూర్తికి చేదుగా ఉండేది గానీ పని పనే. సదానందం ఒకటి రెండుసార్లు ఏదో చెప్పబోయాడు. లింగమూర్తి లేచి బయటికి పోయేవాడు. అవతలివాళ్లు అడిగితే ఇద్దరిలో ఎవరూ కారణం చెప్పలేదు. పాత స్నేహాల్లో ఇట్లాంటివి ఉంటాయిలే అని జనం వదిలేశారు.

రాష్ట్రం వచ్చిన జూన్‌లో సంఘం ఆఫీసు ముందు షామియానా వేశారు. సమ్మెలో ముందు నిలబడ్డవాళ్లకు శాలువలు కప్పాలని పోశం అనుకున్నాడు. రంగులు చల్లుకున్నారు, డప్పులు కొట్టారు. సెలవు మీద మొగిలి కూడా వచ్చాడు, మామ పక్కనే కూర్చున్నాడు. సదానందం పేరు పిలిచినప్పుడు చప్పట్లు బాగా పడ్డాయి. ఆయన అప్పటికి రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు, వెంట్రుకలన్నీ నెరిశాయి.

"సదన్నకు శాలువ కప్పాల్సింది ఎవలో నేను చెప్పాల్నా?" అని పోశం మైకులో నవ్వాడు. "మా లింగమూర్తి రావాలె. గురువుకు శిష్యుడే కప్పాలె."

వెనకనుంచి ఎవరో నెట్టారు. లింగమూర్తి స్టేజీ ఎక్కాడు. చేతిలో శాలువ పెట్టారు. ముందు వరసలో సంతోషి తన బిడ్డను నిలబెట్టి తాతను చూపిస్తున్నది. సదానందం మెడ కొద్దిగా వంచాడు. కళ్లు ఎత్తి చూడలేదు.

లింగమూర్తి శాలువ మడత విప్పాడు. చేతులు అంతవరకే పోయాయి. పోశం వైపు తిరిగి, "నువ్వే కప్పన్నా. నాకు డ్యూటీ యాళ్లయింది" అన్నాడు. శాలువను ఆయన చేతిలో పెట్టి మెట్లు దిగాడు. డప్పుల మోతలో ఆ మాట చాలామందికి వినబడలేదు. పోశం కొంచెం తికమకపడి, తనే కప్పాడు.

షామియానా అవతల మొగిలి వచ్చి కలిశాడు.

"ఇయ్యాల నీకు డ్యూటీ లేదు గద మామా."

"లేదు."

"మరి ఆడనే చెప్పకపోయినవ్. అందరు ఉండిరి."

లింగమూర్తి మొహం మీది రంగు తుడుచుకున్నాడు. చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నాడో, చెప్పి ఏం సాధించాలో ఎన్నిసార్లు తేలలేదో వాడికి ఎట్లా చెప్పాలో తెలియలేదు.

"నా చేతుల పనంత ఆయన నేర్పిందేరా" అన్నాడు. "గందుకే ఎక్కువ మండుతది."

మొగిలి బండి తీశాడు. లింగమూర్తి వెనక ఎక్కి కూర్చున్నాడు. రంగు నీళ్లతో తడిసిన రోడ్డు మీద జనాన్ని తప్పించుకుంటూ ఇద్దరూ సారవ్వ ఇంటి దిక్కు పోయారు.